వంటింటివైపు కేకెయ్యకండి

ఆ ఇంటి పేరెత్తితే చుట్టుపక్కల ఆడవాళ్ళు మాట మార్చేస్తారు. మగవాళ్ళు నవ్వేస్తారు — నవ్వాక ఒకసారి వెనక్కి చూసుకుంటారు.

తోటల మధ్య, జనానికి దూరంగా, ఎర్ర పెంకుల ఇల్లు. ముందు పచ్చిక. పిల్లలకి ఉయ్యాల, జారుడుబల్ల. 'కుటుంబంతో రండి, మీ ఇల్లే అనుకోండి' అని గేటు మీద బోర్డు. సెలవులకి అద్దెకిచ్చే ఇల్లు అది. హోటలు కాదు. గిన్నెలు, పళ్ళేలు, గ్యాసు పొయ్యి, పరుపులు, దుప్పట్లు అన్నీ ఉంటాయి. వంటమనిషి మాత్రం ఉండదు. ఎవరి వంట వాళ్ళే చేసుకోవాలి.

పగలు చూస్తే బొమ్మరిల్లు. ముద్దొస్తుంది.

చీకటి పడ్డాక మాత్రం... ఆ ఇంటికి ఒక కట్టుబాటుంది. హాల్లో కూర్చుని వంటింటివైపు కేకెయ్యకూడదు. "అన్నం అయిందా?" అని గానీ, "నీళ్ళు తే" అని గానీ అరవకూడదు. ఏం కావాలన్నా లేవాలి. నడవాలి. వంటింటి గడపదాకా వెళ్ళి, లోపలున్న మనిషిని చూసి అడగాలి.

ఎందుకంటే, కేకేస్తే... జవాబొస్తుంది.

దగ్గరికి జరగండమ్మా. ఆ గోడవార కూర్చున్నాయనా, నువ్వూ రా, చోటుంది. నేను గొంతు పెంచి చెప్పలేను ఈ కథ. గొంతు పెంచితే కోపం ఆగదు నాకు.

ఆ ఇల్లు పూర్వం ఒక తోట యజమానిది. పెద్ద కుటుంబం. వాళ్ళకో వంటామె ఉండేది. చిన్నప్పుడే వచ్చింది, ఆ పొగలోనే జుట్టు నెరిసింది. ఒక రాత్రి అందరికీ వడ్డించింది. వడ్డించి, పొయ్యి ముందు పీట మీద కూలబడింది. కూలబడినట్టే ప్రాణం పోయింది.

ఇంటిల్లిపాదీ తిన్నారు. చేతులు కడుక్కున్నారు. మధ్యలో ఎవరో మజ్జిగ తెమ్మని కేకేశారు కూడా. రాలేదని విసుక్కుని పక్కలెక్కారు. తెల్లారింది. టీ రాలేదు. అప్పుడు... అప్పుడు లేచి వెళ్ళి చూశారు.

చూసి ఏమన్నారో చెప్పనా? "అయ్యో, ఇవాళ వంటెలాగ?" అన్నారట.

నేను రెండు పూటలా దేవుడి ముందు కూర్చునేదాన్ని. నాకు ఎవరి మీదా కోపం ఉంచకు తండ్రీ అని రోజూ అడుక్కుంటాను. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం, 'ఆ వరం రేపిద్దువుగానిలే స్వామీ' అంటాను.

ఆమెకి తాను పోయినట్టు తెలీదట. ఎవరైనా దగ్గరికొచ్చి చెబితే కదా తెలిసేది! అందుకే, ఇప్పటికీ, హాల్లోంచి కేక వినబడితే... లేస్తుంది.

ఇక అసలు సంగతి. దీన్ని నేను గాలిలోంచి పట్టుకోలేదు. సగం పెళ్ళాం చెప్పింది, సగం మొగుడు చెప్పాడు. వేరువేరు రోజుల్లో, వేరువేరు చోట్ల. రెండు సగాలూ అతుకు కనబడకుండా కలిశాయి.

వాళ్ళది మా వీధే. ఇంటి పెద్ద రిటైరైన స్టేషను మాస్టరు. బతుకంతా రైళ్ళకి జెండా ఊపినాయన. ఇంట్లో జెండా లేదు కాబట్టి గొంతుతోనే పని నడిపేవాడు. ఆయన టీ అడిగితే మా ఇంట్లో నేను పొయ్యి వెలిగించబోయేదాన్ని, అంత గొంతు. ఆయన భార్యకి మోకాళ్ళ నొప్పులు. పేకముక్కలు పంచేటప్పుడు మాత్రం దేవుడి దయవల్ల ఏ నొప్పీ ఉండదు. చిన్నకొడుకుకి ఫోన్ల దుకాణం. వాడు, వాడి పెళ్ళాం, వాళ్ళకిద్దరు పిల్లలు.

పెద్దకొడుకు బీమా కంపెనీలో గుమాస్తా. చాలా నెమ్మదస్తుడని పేరు. ఔను, నెమ్మదే. పెళ్ళాం తరఫున ఒక మాట అనాల్సి వచ్చినప్పుడు మరీ నెమ్మది.

ఆ పెళ్ళాం — ఈ కథ ఆమెదే — పెళ్ళికి ముందు నర్సు. వీధిలో మేమంతా నర్సమ్మ అనేవాళ్ళం. మా పిల్లలకి జ్వరమొస్తే ముందు ఆమె దగ్గరికే పరుగు. ఆ ఇంట్లో మాత్రం ఆమెకి నర్సమ్మ అన్న పేరు లేదు. అసలే పేరూ లేదు. "ఏమే." "ఇదిగో." "వదినా, టీ." మొగుడైతే అదీ లేదు. మేడ మీద గదిలోంచి ఫోను మోగిస్తాడు. ఒకసారి మోగి ఆగితే టీ. ఆగకుండా మోగితే ఎత్తాలి, ఇంకేదో కావాలన్నమాట. మెట్లు దిగితే అరిగిపోతాడు పాపం!

ఒక ఏడాది నర్సమ్మకి మళ్ళీ ఉద్యోగం వచ్చింది. రాత్రంతా బస్సులో వెళ్తే వచ్చే దూరంలో ఒక ఆసుపత్రి. సోమవారం పొద్దున్నే వచ్చి చేరాలి, రాకపోతే వరసలో ఉన్న తర్వాతి మనిషికి ఇచ్చేస్తామన్నారు. మొగుడికి చెప్పింది. అతను సరేనన్నాడు. "నాన్నకి నేను చెబుతాను. సమయం చూసి చెబుతాను."

సమయం చూశాడు, చూశాడు... ఈలోగా స్టేషను మాస్టరు సెలవుల ప్రయాణం పెట్టాడు. ఆ తోట ఇంటికే. ఆదివారం దాకా అక్కడే.

"అక్కడ చెబుతాను," అన్నాడు మొగుడు. "అక్కడైతే నాన్న హుషారుగా ఉంటాడు."

సరే. బయలుదేరారు. వ్యానులో ఏడు సీట్లు. స్టేషను మాస్టరు గేటు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టి, "ఏడుగురం! సరిగ్గా సరిపోయాం!" అని చప్పట్లు కొట్టాడు.

నర్సమ్మ ఎక్కడుందంటారా? వెనక సామాను ఆటోలో. బియ్యం మూటకీ నూనె డబ్బాకీ మధ్య. గుడ్ల అట్టలు ఒళ్ళో పెట్టుకుని.

"అక్కడ వంట మనమే చేసుకోవాలట, భలే సరదాగా ఉంటుంది కదా!" అని మరిది వ్యాను కిటికీలోంచి కేకేశాడు. ఆ 'మనం' సామాను ఆటోలో వస్తోంది నాయనా, దుమ్ము తింటూ.

తోటమాలి తాళాలు తెచ్చాడు. ముసలివాడు. ఇల్లంతా చూపించాడు, నీళ్ళ మోటారు చూపించాడు, చివరికి వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించాడు.

"బాబుగారూ, ఒక్క మాట. పొద్దుగుంకాక ఇటువైపు కేకెయ్యకండి. ఏం కావాలన్నా లేచొచ్చి అడగండి."

ఎందుకో కూడా చెప్పాడు. ఇందాక నేను మీకు చెప్పినదంతా.

స్టేషను మాస్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా కేకకి ఎక్స్‌ప్రెస్ రైలే ఆగేదయ్యా. మీ దెయ్యమెంత?"

"పిలిస్తే పలికే దెయ్యమా!" అన్నాడు మరిది. "మంచిదేగా నాన్నా. వదినైతే రెండుసార్లు పిలవాలి."

అందరూ నవ్వారు. తోటమాలి నవ్వలేదు. నర్సమ్మవైపు చూశాడు.

"అమ్మా, మీరు ఒంటరిగా ఉండకండి లోపల. తోడెవరినైనా పెట్టుకోండి."

"నాకు తోడెవరొస్తారు బాబాయ్?" అంది నర్సమ్మ. అని, గుడ్ల అట్టలు దింపుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచీ హాల్లో పేకాట. పచ్చిక మీద బంతాట. తోటలో షికార్లు. నర్సమ్మకి మాత్రం ఇల్లు మారింది, పొయ్యి మారలేదు. ఇంటి దగ్గరన్నా కత్తిపీట ఎక్కడుందో తెలుసు, ఇక్కడ అదీ వెతుక్కోవాలి.

"ఏమే, పకోడీలు!" "వస్తున్నా." "వదినా, పిల్లలకి పాలు!" "వస్తున్నా." "ఇదిగో, ఈ గ్లాసు తియ్యి!" "వస్తున్నా."

ఒకసారి... పొద్దువాలాక, స్టేషను మాస్టరు కేకేశాడు. నర్సమ్మ నోరు తెరిచింది. తెరిచిందంతే, ఇంకా మాట రాలేదు —

"వస్తున్నా..."

వినబడింది.

తన గొంతే గోడకి తగిలి తిరిగొచ్చిందనుకుందట. అనుకుని, ఆగి, ఆలోచించింది. మాట అనకముందే గోడకెలా తగులుతుంది? ... ఆలోచన పూర్తయ్యేలోగా పాలు పొంగాయి. అటు పరిగెత్తింది. భయపడటానికైనా ఆడదానికి తీరిక ఉండాలిగా!

ఆదివారం వచ్చింది. మొగుడు ఇంకా సమయం చూస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. నర్సమ్మ అందరికీ వడ్డించింది. గరిటె పక్కన పెట్టింది. చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, బల్ల చివర నిలబడింది.

"మామయ్యా, నాకు ఉద్యోగం వచ్చింది. రేపు పొద్దున్నే చేరాలి. ఇవాళ సాయంత్రం వెళ్ళిపోతున్నాను."

బల్ల మీద అంతా నిశ్శబ్దం.

నిశ్శబ్దమంటే ఆశ్చర్యపోయారనుకునేరు. నములుతున్నారు.

స్టేషను మాస్టరు నమిలి మింగి, పళ్ళెం జరిపాడు. "పెరుగుందా?"

అత్తగారు ఫోనులోంచి తలెత్తలేదు. "గడ్డపెరుగు ఆయనకి, పల్చనిది మాకు."

తోటికోడలు పిల్లాడి మూతి తుడుస్తోంది. మరిది మీగడ వెయ్యమన్నాడు. నర్సమ్మ మొగుడివైపు చూసింది. అతను పళ్ళెంలో గీతలు గీస్తున్నాడు. అతనొక్కడికే వినబడింది. వినబడ్డ మనిషే నోరు విప్పలేదు.

నర్సమ్మ పెరుగు వేసింది. అందరికీ వేసింది.

తల్లీ, ఇక్కడ నేను ఒక్క క్షణం ఆగుతాను, ఏమీ అనుకోకండి. కొన్ని పెరుగు గిన్నెలుంటాయి... తీసి నెత్తిన బోర్లించాల్సినవి. ఆ పిల్ల బోర్లించలేదు. నేనైతే... సరే, నన్ను భగవంతుడు వేరేచోట పుట్టించాడు, వాళ్ళ అదృష్టం.

సాయంత్రం తాగే నీళ్ళ డబ్బాలు దింపడానికి సామాను ఆటో వచ్చింది. నర్సమ్మ సంచి సర్దుకుంది. రాత్రి వంటకి కూర తరిగి, పళ్ళెం మూత పెట్టింది. పిల్లలకి రొట్టె, పాలు ఇచ్చేసింది. దొంగలా పోలేదు సుమండీ. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మరీ చెప్పింది.

వరండాలో మామగారు. "వెళ్ళొస్తాను మామయ్యా."

"ఊఁ. తలుపు దగ్గరగా వెయ్యి, దోమలు."

హాల్లో అత్తగారు. "వెళ్తున్నాను అత్తయ్యా. కూర తరిగి పెట్టాను. వండుకోవడమే."

"కారం తగ్గించవే. నిన్న గొంతు మండింది."

గదిలో మొగుడు పడుకుని ఉన్నాడు. మంచం పక్కన నిలబడింది.

"వెళ్తున్నాను. పొద్దున్నే చేరాలి. మీరు చెబుతానన్నారు, చెప్పలేదు. నేనే చెప్పేశాను."

అతను గోడవైపు తిరిగాడు. "ఊఁ... ఆ ఫ్యానొకటి పెంచు."

ఫ్యాను పెంచింది. వెళ్ళిపోయింది.

పొద్దుగుంకింది.

తోటల్లో పొద్దుగుంకితే ఎలా ఉంటుందో తెలుసుగా. వెలుతురు నెమ్మదిగా తగ్గదు — ఎవరో ఎత్తుకుపోయినట్టు పోతుంది. అదే వేళకి కరెంటూ పోయింది. హాల్లో బల్ల మీద బ్యాటరీ దీపం ఒకటి పెట్టారు. దాని చుట్టూ స్టేషను మాస్టరు, భార్య, చిన్నకొడుకు, చిన్నకోడలు — నాలుగు చేతుల్లో పేకముక్కలు. అవతల అంతా చీకటి.

పిల్లలు నిద్రపోయారు. ఆటలో మరిదికీ తండ్రికీ మాటా మాటా పెరిగింది. నువ్వు ముక్క దాచావంటే నువ్వు దాచావని. ఆకలి వేసింది. ఆకలితో కోపం ఇంకా పెరిగింది.

స్టేషను మాస్టరు ముక్కలు బల్లకేసి కొట్టాడు. వంటింటివైపు తల తిప్పి —

"ఏమే! అన్నం అయిందా లేదా?"

పెంకులు అదిరాయి. తోటలో పిట్టేదో రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయింది.

వంటింట్లో చప్పుడు లేదు.

"ఇదిగో! నిన్నే! చెవుడా?"

అప్పుడు... లోపల పీట జరిగిన చప్పుడు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, కష్టం మీద లేస్తున్న మనిషి నిట్టూర్పు.

"వస్తున్నా..."

"ఆఁ, అదీ," అన్నాడు స్టేషను మాస్టరు. ముక్కలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

వచ్చింది. పళ్ళేలు పెట్టింది. గిన్నె తెచ్చింది. నలుగురి భుజాల మీదుగా వంగి, ఒక్కొక్కరికీ వడ్డించింది. నలుగురూ ఎడమచేత్తో ముక్కలు పట్టుకుని కుడిచేత్తో తింటున్నారు. కళ్ళు ముక్కల మీద. ఒక్కరు తలెత్తలేదు.

"ఉప్పు తక్కువ," అన్నాడు స్టేషను మాస్టరు.

"వేడి కూడా లేదు," అంది అత్తగారు. "పొద్దుటిదే తెచ్చి పెట్టినట్టుంది."

"ఇంకాస్త వడ్డించు వదినా," అన్నాడు మరిది.

వడ్డించింది.

పెద్దకొడుకు అప్పుడే నిద్రలేచి, వరండాలో ఊగుడుకుర్చీలో కూలబడ్డాడు. ఆకలిగా ఉంది. లోపలికి నడవాలంటే బద్ధకం. అలవాటుగా ఫోను తీసి పెళ్ళానికి చేశాడు. మోగుతూనే ఉంది. చివరికి ఎత్తింది.

"అన్నం ఇక్కడికే పట్టుకురా. నీళ్ళు కూడా."

అవతల హోరు. గాలి. ఇంజను చప్పుడు.

"నేను బస్సులో ఉన్నాను."

"ఏ బస్సు? ఊరికే అన్నావనుకున్నాను."

"మధ్యాహ్నం అందరి ముందూ చెప్పాను. సాయంత్రం మీ మంచం దగ్గర నిలబడి చెప్పాను. ఫ్యాను పెంచమన్నారు. పెంచాను."

"వేళాకోళం చాల్లే. ఇప్పుడేగా నాన్నకి వడ్డిస్తున్నావు..."

అవతల మాట ఆగిపోయింది. ఇంజను చప్పుడొకటే.

"ఏమన్నారు?"

అతను కుర్చీలోంచి లేచాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు. లోపల దీపం. దీపం చుట్టూ నలుగురు. వాళ్ళ వెనక... ఒక ఆడమనిషి. వంగింది. వడ్డించింది. పక్కకి జరిగింది.

"కిటికీలోంచి కనబడుతున్నావు," అన్నాడు. నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "నువ్వే... కదూ?"

"నేను ఏ రంగు చీర కట్టుకున్నాను?"

చూశాడు. "చీకటిగా ఉంది..."

"ఇప్పుడు కాదు. పొద్దున్న. పట్టపగలు. మీకు టీ ఇచ్చాను. ఏ రంగు?"

అతనికి గుర్తుకు రాలేదు.

"ఆమెకి జడుందా, ముడుందా?"

"ముడి... నీకు ముడేగా?"

"నాకంటే పొడుగా? పొట్టా?"

అతను కిటికీకి మొహం ఆనించాడట. కళ్ళు చిట్లించి చూశాడు. ఆ వీపు, ఆ భుజాలు, ఆ వంగడం. పెళ్ళయి ఎన్నో ఏళ్ళయింది. ఒకే కప్పు కింద బతికాడు. ఆ వీపు తన భార్యదో కాదో... తేల్చుకోలేకపోయాడు.

"ఏమో," అన్నాడు. "నువ్వే అనిపిస్తోంది."

"పిల్లలు తింటున్నారా?" అని అడిగింది నర్సమ్మ. నర్సు గొంతుతో, గబగబా.

"లేదు. పడుకున్నారు."

"వాళ్ళని ఎత్తుకుని వ్యాన్లో కూర్చోబెట్టండి. మిగతావాళ్ళ సంగతి..." ఒక్క క్షణం ఆగింది. అంత దూరంలోంచి, ఆ హోరులోంచి, ఆ కోపం వేడి చెవికి తగిలిందట అతనికి. "మిగతావాళ్ళకి వడ్డించేది నేనే అనుకోండి. తేడా తెలియనప్పుడు మీకేం నష్టం?"

ఫోను పెట్టేసింది.

అతను లోపలికి పరిగెత్తాడు. పిల్లలిద్దర్నీ నిద్రలోనే భుజానేసుకుని వ్యాన్లో దించి, మళ్ళీ వచ్చాడు. ఆ మాత్రం చేశాడు. అబద్ధం చెప్పకూడదు.

"తినకండి!" అని అరిచాడు. "ఆపండి!"

"ఏమైందిరా?" అంది తల్లి. "ఉప్పు తక్కువైతే వేసుకో."

"అది... అది ఆమె కాదు!"

నలుగురూ తలెత్తారు. ఆ ఇంట్లో వాళ్ళ నాలుగు మొహాలూ ఒకేసారి వంటింటివైపు తిరగడం అదే మొదలు.

ఆమె అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తోంది. గిన్నె చంకనపెట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ. వంటింటి చీకట్లోకి వెళ్ళింది. పెద్దకొడుకు బ్యాటరీ దీపం పట్టుకుని గడపదాకా వెళ్ళాడు. ఆ గడప తొక్కడం ఆ సెలవుల్లో అదే మొదటిసారి అతనికి. పొయ్యివైపు తిరిగి నిలబడి ఉంది. వీపు కనబడుతోంది.

"ఎవరు... ఎవరు నువ్వు?"

వీపు కదల్లేదు. బొంగురుగా, పొగ మింగిన గొంతు —

"మా అమ్మ పెట్టిన పేరొకటి ఉండేది బాబూ... ఎవరూ పిలవక... మర్చిపోయాను."

భళ్ళున కరెంటు వచ్చింది.

వంటింట్లో ఎవరూ లేరు. గ్యాసు పొయ్యి చల్లగా ఉంది. తరిగిన కూర మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. బియ్యం మూటకి నర్సమ్మ వేసిన ముడి వేసినట్టే ఉంది. మూలన, అందం కోసం ఉంచిన పాత కట్టెల పొయ్యి దగ్గర, నేల మీద గరిటె పడుంది. పొయ్యి కడుపులోంచి గీకి గీకి తీసినట్టు గాట్లు.

హాల్లోంచి తోటికోడలు కేక. మనిషి కేక కాదది.

పెద్దకొడుకు తిరిగి వచ్చేసరికి నలుగురూ పళ్ళేలవైపు చూస్తున్నారు.

బూడిద.

పళ్ళేల నిండా బూడిద. వేళ్ళకి బూడిద. పెదాలకి బూడిద. స్టేషను మాస్టరు మీసం నిండా బూడిద. మరిది పళ్ళెంలో మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువ. అడిగి మరీ వేయించుకున్నాడుగా.

తిన్నారమ్మా! కూర్చుని, కలుపుకుని, ముద్దలు చేసుకుని తిన్నారు! నోట్లో ఏం పడుతోందో తెలీదు, పెట్టే చెయ్యి ఎవరిదో తెలీదు. తెలిసిందల్లా ఒక్కటే — ఉప్పు తక్కువ!

అందరూ దెయ్యమంటే భయపడండి, నేనొద్దనను. నాకు మాత్రం ఆ రాత్రి ఆ ఇంట్లో భయపెట్టే మనుషులు నలుగురు కనబడతారు, ఐదోవాడు వరండాలో. ఆ ముసలామెని తలుచుకుంటే రెండు చేతులూ జోడించబుద్ధేస్తుంది.

ఆ క్షణంలోనే వ్యానెక్కి పారిపోయారు. సామానంతా అక్కడే. దారి పొడుగునా ఎవరూ కేక వెయ్యలేదట. మంచినీళ్ళు కావాలన్నా ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారట.

నర్సమ్మ పొద్దున్నే ఆసుపత్రిలో చేరింది. వేళకి చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది. మొగుడు ఆదివారాలు వెళ్తున్నాడు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుంటాడు, ఆమె డ్యూటీ దిగేదాకా. ఫోను చెయ్యడు. వచ్చాక లేచి నిలబడి, ఎదురెళ్ళి మాట్లాడతాడు. రమ్మని అడిగాడట. ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు. తొందరేముంది? ఆయనగారు సమయం చూడలేదూ? ఇప్పుడు ఆమె చూస్తుంది.

నేనూ వెళ్ళానొకసారి, మా చెల్లెలి కూతురి పురిటికి. మిట్టమధ్యాహ్నం. ఎండ చిటపటలాడుతోంది. నర్సమ్మ తెల్లచీరలో, నవ్వుతూ ఎదురొచ్చింది. చెట్టు కింద కూర్చున్నాం. తన సగం కథ అప్పుడే చెప్పింది. నేను ఉండబట్టలేక అడిగాను.

"బస్సులో ఒక్కదానివే ఉన్నావు కదే, ఆ ఫోను విన్నాక భయం వెయ్యలేదూ?"

చీర కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"ఫోను పెట్టేశాక ఏడుపొచ్చింది పిన్నిగారూ. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని చూస్తే... పక్క సీట్లో ఒకావిడ. బస్సెక్కడా ఆగలేదు. ఎప్పుడెక్కిందో తెలీదు. నెరిసిన జుట్టు. ఒళ్ళంతా కట్టెల పొగ వాసన. నిద్రపోతోంది. తల నా ఎడమ భుజం మీద వాల్చి."

"అరవలేదూ?"

"ఎందుకరుస్తాను? నర్సుని. ఎన్నాళ్ళ నిద్రో అది, చూస్తే తెలిసిపోతుంది నాకు. తెల్లారేదాకా కదల్లేదు, లేస్తుందేమోనని. నా ఊరొచ్చింది. ఉద్యోగం, దిగాలి కదా. మెల్లగా ఆ తల సీటుకి ఆన్చి, నా శాలువా కప్పి, దిగిపోయాను."

"కల కన్నావేమోనే, ఏడ్చి ఏడ్చి..."

నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమెది వెచ్చటి చెయ్యి, చెమటపట్టిన చెయ్యి. నా చేతిని తీసుకెళ్ళి తన ఎడమ భుజం మీద పెట్టుకుంది.

అమ్మా... అంత ఎండలో, ఆ భుజం మంచుగడ్డ.

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. భగవంతుణ్ణి తలుచుకుని, అలాగే ఉంచాను. కాసేపటికైనా వెచ్చబడుతుందేమోనని.